కోబాల్‌లో ప్రింటర్ కూడా ఫైలే

కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాం ప్రింటర్‌ను ఒక ఫైలుగానే చూస్తుంది. డిస్కులోని ఖాతాల ఫైలును ఎలా తెరుస్తుందో ప్రింటర్‌నూ అలాగే తెరుస్తుంది, ఒక్కో లైనును ఒక్కో రికార్డుగా రాస్తుంది, పని అయ్యాక మూసేస్తుంది. ప్రింటర్‌కు రాయడమే తప్ప అందులోంచి చదవడం కుదరదు గనుక దాన్ని ఔట్‌పుట్‌గానే తెరవాలి. ఆ లైన్లు చివరికి ఏ గదిలో, ఏ యంత్రంలోంచి కాగితం మీద పడతాయన్నది మాత్రం చాలావరకు ప్రోగ్రాం బయట తేలే విషయం. 1960లలో రాసిన జీతాల పట్టీ ప్రోగ్రాం, అప్పటి ప్రింటర్లన్నీ తుక్కు కింద పోయాక కూడా నడవగలిగిందంటే అందుకు ముఖ్య కారణం ఈ ఏర్పాటే.

ఇది కావాలని చేసిన ఏర్పాటు. 1959 మే 28, 29 తేదీల్లో అమెరికా రక్షణశాఖ పెంటగాన్‌లో జరిపిన సమావేశానికి కంప్యూటర్ తయారీదారులు, వాటిని వాడే ప్రభుత్వ శాఖలు, కంపెనీల ప్రతినిధులు వచ్చారు. అందరి బాధా ఒకటే. ఒక కంపెనీ యంత్రానికి రాసిన ప్రోగ్రాం మరో కంపెనీ యంత్రం మీద నడవదు; యంత్రం మారితే ప్రోగ్రాములన్నీ మళ్లీ మొదటినుంచి రాసుకోవాలి. ఆ బాధలోంచి, గ్రేస్ హాపర్ రూపొందించిన ఫ్లో-మ్యాటిక్ భాష వేసిన బాటలో, కోబాల్ పుట్టింది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాం స్వల్ప మార్పులతో ఆర్‌సీఏ 501 మీదా, యూనివాక్ 2 మీదా నడిచింది. యంత్రాన్నిబట్టి మారే సంగతులన్నీ ప్రోగ్రాంలో ఒకేచోట ఉండాలని భాషను తీర్చిన కమిటీ నిర్ణయించింది. ఆ చోటే ఎన్విరాన్‌మెంట్ డివిజన్. ప్రింటర్ ఎంపిక అక్కడే మొదలవుతుంది.

రెండు పేర్ల ముడి

ఎన్విరాన్‌మెంట్ డివిజన్‌లో ఫైల్-కంట్రోల్ అనే పేరా ఉంటుంది. అందులో ప్రోగ్రాం వాడే ప్రతి ఫైలుకూ ఒక సెలెక్ట్ వాక్యం రాయాలి. జీతాల పట్టీ అచ్చువేసే ప్రోగ్రాంలో అది సుమారుగా ఇలా ఉంటుంది:

సెలెక్ట్ జీతాల-పట్టీ అసైన్ టు ప్రింటర్.

ఇందులో రెండు పేర్లున్నాయి. జీతాల-పట్టీ అన్నది ప్రోగ్రాం లోపలి పేరు. తెరిచినా, మూసినా ప్రోగ్రాం ఆ పేరే పలుకుతుంది. ప్రింటర్ అన్నది బయటి పేరు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అర్థం కావాల్సింది అది. సెలెక్ట్ వాక్యం ఈ రెండింటికీ ముడి వేస్తుంది. బయటి పేరు ఎలా రాయాలన్నది కంపైలర్‌నిబట్టి మారుతుంది. కొన్నిటిలో ప్రింటర్ అనే మాటే సరిపోతుంది, కొన్నిటిలో కొటేషన్లలో పోర్టు పేరు రాయాలి, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో ఎనిమిది అక్షరాలు మించని ఒక చిరునామా పేరు పెట్టాలి. కంపైలర్ మారినప్పుడు ముందుగా తడిమి చూసుకోవాల్సిన వాక్యం ఇదే.

సెలెక్ట్‌లో పేరు చెప్పిన ప్రతి ఫైలుకూ డేటా డివిజన్‌లో ఎఫ్‌డీ అనే వివరణ రాయాలి. ప్రింటర్ ఫైలుకు ఆ వివరణ చాలా చిన్నది: 132 అక్షరాల రికార్డు ఒకటి, అంతే. పాత ప్రోగ్రాముల్లో దాని పక్కన లేబుల్ రికార్డ్స్ ఆర్ ఒమిటెడ్ అనే మాట కూడా కనిపిస్తుంది. అయస్కాంత టేపుల మొదట్లో ఆ టేపు పేరు, తేదీ తెలిపే లేబుల్ రికార్డులు ఉండేవి. ప్రింటర్ కాగితానికి అవి ఉండవని కంపైలర్‌కు విడమరచి చెప్పాల్సి వచ్చేది. భాషకు 1985లో వచ్చిన ప్రమాణం ఆ మాటను కాలం చెల్లినవాటిలో చేర్చింది. అయినా నేటికీ బ్యాంకుల పాత ప్రోగ్రాములు తెరిస్తే కనబడుతుంది.

ఒకే ప్రోగ్రాం రెండు మూడు ప్రింటర్లకు రాయొచ్చు. ఒక్కోదానికి ఒక సెలెక్ట్, ఒక ఎఫ్‌డీ ఉంటే చాలు. జీతాల ఫైలును ఒక్కసారి చదువుతూనే ఉద్యోగుల చీటీలు ఒకదాని మీద, బ్యాంకుకు పంపే జాబితా ఇంకోదాని మీద, లెక్క కుదరని పేర్లు మూడోదాని మీద వేయడం మామూలే. నిజంగా మూడు ప్రింటర్లు లేకపోయినా ఫర్వాలేదు. మూడు జాబితాలూ విడివిడిగా నిలవ ఉండి, ఒకే ప్రింటర్ మీద ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అదెలాగో కాస్త ముందుకు వెళ్తే తెలుస్తుంది.

132 ఎక్కడినుంచి వచ్చింది

కోబాల్ పుట్టిన ఏడాదే, 1959 అక్టోబరులో, ఐబీఎం 1401 కంప్యూటర్‌నూ దానితోపాటు 1403 ప్రింటర్‌నూ ప్రకటించింది. నిమిషానికి 600 లైన్లు వేసే ఆ యంత్రం కోబాల్ ప్రింటింగ్ పద్ధతులన్నిటి మీదా తన ముద్ర వేసింది. అందులో 240 అచ్చు అక్షరాలున్న గొలుసు ఒకటి కాగితం ముందు అడ్డంగా గిర్రున తిరుగుతుంది. 48 అక్షరాల వరుసే ఆ గొలుసు మీద అయిదుసార్లు ఉంటుంది. కాగితం వెనక ఒక్కో నిలువు స్థానానికి ఒక్కో సుత్తి. కావాల్సిన అక్షరం తన ముందుకు వచ్చిన క్షణంలో సుత్తి కాగితాన్ని ముందుకు కొడుతుంది. కాగితం రిబ్బన్‌కూ గొలుసుకూ తగిలి అక్షరం పడుతుంది. బాగా వాడుకలోకి వచ్చిన రకంలో ఈ సుత్తులు 132. లైనుకు 132 అక్షరాలనే కొలత అలా స్థిరపడింది. అంగుళానికి పది అక్షరాల చొప్పున అది 13.2 అంగుళాల వెడల్పు.

కాగితాన్ని పైకి జరిపే పద్ధతి ఇంకా ఆసక్తికరం. ప్రింటర్ పక్కన, పేజీ పొడవుతో సమానంగా కత్తిరించి రెండు కొసలూ అతికించిన టేపు చుట్ట ఒకటి ఉండేది. దాని మీద 12 నిలువు వరుసలు; వాటికి చానెళ్లని పేరు. ఏ చానెల్‌లో ఎక్కడ చిల్లు పొడిస్తే కాగితం అక్కడ ఆగుతుంది. మొదటి చానెల్ చిల్లు కొత్త పేజీ తలకట్టుకు గుర్తు. పన్నెండోది పేజీ అడుగు దగ్గర పడిందని చెప్పడానికి. కాగితం, టేపు కలిసి కదులుతాయి గనుక మొదటి చానెల్‌కు దాటు అని చెబితే, చిల్లు తగిలేదాకా కాగితం సర్రున జరిగిపోతుంది. ఐబీఎం కోబాల్‌లో నేటికీ స్పెషల్-నేమ్స్ పేరాలో సీ01 ఈజ్ పేజీ-తల అని రాసే వీలుంది. ఆ సీ01 ఆ టేపులోని మొదటి చానెలే. తర్వాతి ప్రింటర్లలో టేపు పోయి, అదే సమాచారం ప్రింటర్ జ్ఞాపకంలోకి చేరింది. ప్రోగ్రాముల్లోని మాట మాత్రం మారలేదు.

లైను వేయడం, పేజీ తిప్పడం

ప్రింటర్ ఫైలుకు రాసేటప్పుడు రైట్ వాక్యానికి అడ్వాన్సింగ్ అనే తోక తగిలిస్తారు. ఆఫ్టర్ అడ్వాన్సింగ్ 2 లైన్స్ అంటే ముందు కాగితాన్ని రెండు లైన్లు జరిపి తర్వాత అచ్చు వేయాలని. బిఫోర్ అడ్వాన్సింగ్ అంటే ముందు అచ్చు, తర్వాత జరపడం. సంఖ్య బదులు పేజ్ అని రాస్తే కొత్త పేజీ. తోక లేకుండా రైట్ మాత్రమే రాస్తే ఒక లైను జరిపి వేయమన్నట్టే లెక్క.

ఒకే ఫైలులో ఆఫ్టర్, బిఫోర్ రెండూ కలిపి వాడటం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. ఆఫ్టర్‌తో వేసిన లైను దగ్గరే కాగితం నిలిచి ఉంటుంది. వెంటనే బిఫోర్‌తో ఇంకో లైను వేస్తే అది ముందరి లైను మీదే పడి రెండూ చదవరానివవుతాయి. వరుస తిరగబడితే మధ్యలో ఒక ఖాళీ లైను అదనంగా వస్తుంది. రెంటిలో ఏదో ఒకదానికే కట్టుబడటం మంచిది. వాడుకలో ఆఫ్టర్‌దే పైచేయి. ఒకదాని మీద ఒకటి వేయడం కావాలని చేసే సందర్భమూ ఉంది. మొత్తం సొమ్ము లైనును ఆఫ్టర్ అడ్వాన్సింగ్ 0 లైన్స్ అంటూ రెండోసారి అదే చోట కొడితే సుత్తి ప్రింటర్ల మీద అక్షరాలు నల్లగా, బొద్దుగా కనబడేవి.

మెయిన్‌ఫ్రేమ్ కోబాల్ ఈ తోకను ప్రతి లైను ముందూ ఒక గుర్తుగా మారుస్తుంది. ఖాళీ అంటే ఒక లైను జరుపు. 0 అంటే రెండు. అడ్డగీత అంటే మూడు. కూడిక గుర్తు అంటే కదలకుండా అక్కడే వేయి. 1 అంటే కొత్త పేజీ. ఈ ఒక్క అక్షరం అచ్చులో కనబడదు, ప్రింటర్ దాన్ని మింగేస్తుంది. 132 అక్షరాల లైను డిస్కులో 133 బైట్లుగా కూర్చోవడానికి కారణం ఇదే. ఆ అదనపు బైటును కంపైలర్ తానే చేర్చాలా, ప్రోగ్రామరే చోటు వదలాలా అన్నది ఏడీవీ అనే కంపైలర్ ఆప్షన్ తేలుస్తుంది. ఇద్దరూ వదిలితే నివేదికంతా ఒక అక్షరం కుడికి జరుగుతుంది. ఇద్దరూ వదలకపోతే ప్రతి లైను మొదటి అక్షరమూ మాయమై, అది 1 అయిన చోటల్లా కొత్త పేజీ పడుతుంది. ఉద్యోగి సంఖ్య 1తో మొదలయ్యే జాబితాలో ఈ తప్పు జరిగితే పేజీకి ఒక్క లైను చొప్పున కాగితపు కట్ట మొత్తం ఖర్చయిపోతుంది.

పేజీలో ఎన్ని లైన్లు పట్టాలన్నది కాగితం చెప్పే మాట. అంగుళానికి ఆరు లైన్లు అన్నది ఎప్పటినుంచో ఉన్న లెక్క. అమెరికా కాగితం పొడవు 11 అంగుళాలు, అంటే 66 లైన్లు. మన దేశంలో ఎక్కువగా దొరికే చిల్లుల అంచు కాగితం 10 ఇంటూ 12, 15 ఇంటూ 12 కొలతల్లో ఉంటుంది. 12 అంగుళాలకు 72 లైన్లు. అక్కడి పుస్తకంలోని 66ను అలాగే దించుకున్న ప్రోగ్రాం ఇక్కడి కాగితం మీద నడిస్తే ఏమవుతుందో చూడటం మంచిది. మొదటి పేజీ సరిగ్గా వస్తుంది. రెండో పేజీ శీర్షిక చింపే చిల్లుల గీతకు ఒక అంగుళం పైనే, మొదటి కాగితం అడుగునే పడుతుంది. మూడోది రెండు అంగుళాల పైన. ఏడో పేజీ శీర్షిక కాగితం నడిమధ్యకు చేరుతుంది. పదమూడో పేజీ దగ్గర 792 లైన్లు పూర్తవుతాయి. అది 66కూ 72కూ సమంగా భాగించబడే సంఖ్య గనుక శీర్షిక మళ్లీ కాగితం తలకు వస్తుంది. పన్నెండు పేజీల లెక్కలు పదకొండు కాగితాల్లో ఇమిడిపోయి, వాటిలో పది నడుమన చీలి ఉంటాయి. శీర్షికలు కాగితానికో అంగుళం చొప్పున పైకి పాకుతున్నాయంటే తప్పు ఇక్కడే ఉందని అనుభవమున్న ఆపరేటరు చూడగానే చెప్పేస్తాడు.

ఈ లెక్కను భాషకే అప్పగించడానికి 1974 ప్రమాణంలో లైనేజ్ అనే పద్ధతి వచ్చింది. ఎఫ్‌డీలోనే పేజీ రూపం చెప్పేస్తారు: పైన 4 లైన్లు ఖాళీ, మధ్యలో రాసే చోటు 64, అడుగున 4, ఫుటింగ్ 60వ లైను దగ్గర. మొత్తం 72. లైనేజ్-కౌంటర్ అనే లెక్కింపు గడిని కోబాల్ తానే నడుపుతుంది. రాత 60వ లైనుకు చేరగానే రైట్ వాక్యంలోని ఎట్ ఎండ్-ఆఫ్-పేజ్ భాగం అమల్లోకి వస్తుంది. పేజీ మొత్తం వేయడం, కొత్త శీర్షిక వేయడం అక్కడ రాసుకుంటారు. చాలా కంపైలర్లు లైనేజ్ ఫైలులో పేజీ తిప్పడానికి ఖాళీ లైన్లే పంపుతాయి గనుక మొత్తం కాగితం పొడవుతో సరిపోకపోతే పైన చెప్పిన పాకుడు తప్పదు. లైనేజ్ కన్నా సొంతంగా లైన్ల లెక్క పెట్టుకుని, పేజ్ అనే మాటతో పేజీ తిప్పే పాత పద్ధతినే చాలామంది ఇష్టపడతారు. ఏ యంత్రం మీదైనా అది ఊహించినట్టే నడుస్తుంది.

అచ్చుకు తగిన అంకెలు

ఫైలులో ఉన్న సంఖ్యను ఉన్నట్టే అచ్చువేస్తే ముందున్న సున్నాలతో సహా పడుతుంది. చుక్కా ఉండదు, కామాలూ ఉండవు. అచ్చు లైనులో ప్రతి అంకెల గడికీ ఒక చిత్రం గీయడం కోబాల్ గొప్పతనాల్లో ఒకటి. దాన్ని పిక్చర్ అంటారు. జెడ్ అక్షరం ఉన్న చోట అనవసరపు సున్నా వస్తే ఖాళీ పడుతుంది. నక్షత్రం గుర్తు పెడితే ఖాళీ బదులు నక్షత్రాలు పడతాయి. చెక్కుల మీద సొమ్ము ముందు ఎవరూ అంకె చేర్చకుండా ఇలా నింపుతారు.

కామా ఎక్కడ పడాలో ప్రోగ్రామరే చెప్పే వీలుండటం తెలుగువాళ్లకు బాగా కలిసొచ్చింది. మూడేసి అంకెలకు కామా అనే పాశ్చాత్య పద్ధతిని భాష ఎవరి మీదా రుద్దలేదు. రెండు జెడ్‌లు, కామా, రెండు జెడ్‌లు, కామా, రెండు జెడ్‌లు, కామా, మళ్లీ రెండు జెడ్‌లూ ఒక 9, చుక్క, రెండు 9లు. పదిహేను స్థానాల ఈ చిత్రంలోకి కోటీ ఇరవైమూడు లక్షల నలభైఅయిదు వేల ఆరువందల డెబ్బైఎనిమిది రూపాయల యాభై పైసలు పంపితే 1,23,45,678.50 అని పడుతుంది. అదే గడిలోకి నాలుగువేల అయిదువందలు పంపితే ఏడు ఖాళీల తర్వాత 4,500.00 వస్తుంది, అవసరం లేని కామాలు కూడా ఖాళీలైపోతాయి. లక్షలు లక్షల కింద, పైసలు పైసల కింద నిలువుగా బారు తీరతాయి. ఆ తర్వాత వచ్చిన ఎన్నో భాషల్లో లక్షల కామాకు ప్రత్యేకంగా తంటాలు పడాల్సి వచ్చింది.

శీర్షిక లైన్లను ప్రోగ్రాం సొంత జ్ఞాపక స్థలమైన వర్కింగ్-స్టోరేజ్‌లో ముందే అమర్చి ఉంచుతారు. కంపెనీ పేరు, తేదీ, పేజీ సంఖ్య, మధ్యలో ఖాళీలకు ఫిల్లర్లు. తేదీ గడి ముందు ఒక ఫిల్లర్‌లో 19 అని శాశ్వతంగా రాసి, దాని పక్కన ఏడాది చివరి రెండంకెలు నింపడం అప్పట్లో అందరి అలవాటు. 2000 సంవత్సరం రాబోతుండగా సరిదిద్దాల్సిన చోట్లలో ఈ శీర్షికలూ ఉన్నాయి. ఆ రోజుల్లో హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్‌లో ప్రోగ్రాములు నడిపే ఆదేశాల భాష జేసీఎల్ నేర్చుకుని ఆ పనికి వెళ్లినవాళ్లు తెలుగునాట చాలా ఊళ్లలో కనబడతారు.

మెయిన్‌ఫ్రేమ్ మీద: జేసీఎల్ చేతిలో ప్రింటర్

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో సెలెక్ట్ వాక్యంలోని బయటి పేరు కూడా అసలు ప్రింటర్ కాదు, ఇంకో ముడికి కొస మాత్రమే. ప్రోగ్రాంను నడపమని సిస్టమ్‌కు ఇచ్చే జేసీఎల్ ఆదేశాల్లో అదే పేరుతో ఒక డీడీ లైను ఉంటుంది. అందులో సిస్‌ఔట్ ఈక్వల్స్ ఏ అని ఉంటే ఆ ఫైలు ఏ అనే తరగతి ప్రింటింగ్‌కు వెళ్తుంది. డెస్ట్ అని ఫలానా ప్రింటర్ పేరు, కాపీస్ అని ఎన్ని ప్రతులో కూడా అక్కడే చెప్పొచ్చు. చెక్కులో, పన్ను పత్రాలో ముందే అచ్చయిన కాగితం కావాలంటే ఆ ఫారం పేరూ అక్కడే రాయాలి; ఆపరేటరుకు ఆ కాగితం ఎక్కించమని కబురు వెళ్తుంది. డమ్మీ అని రాస్తే ప్రోగ్రాం రాసిందంతా గాల్లో కలిసిపోతుంది. పరీక్షించేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు.

సిస్‌ఔట్‌కు రాసింది వెంటనే ప్రింటర్‌కు పోదు. ప్రింటర్ వేగం కంప్యూటర్ వేగం ముందు చాలా తక్కువ గనుక లైన్లన్నీ ముందు డిస్కు మీద పోగవుతాయి. పని ముగిశాక ప్రింటర్ ఖాళీ అయిన కొద్దీ వరుసలో బయటికొస్తాయి. దీన్నే స్పూలింగ్ అంటారు. 1960లలో నాసా పనుల కోసం హ్యూస్టన్‌లో తయారైన హాస్ప్ అనే వ్యవస్థ ఐబీఎం యంత్రాలకు ఈ పద్ధతిని అలవాటు చేసింది. నేటి జెస్2 దాని వారసురాలే. ఒకే ప్రోగ్రాం మూడు జాబితాలు ఒకేసారి రాసినా కాగితం మీద అవి కలగాపులగం కాకపోవడం స్పూలు చలవే. ఇప్పుడు చాలాచోట్ల స్పూలులోని నివేదికను తెర మీద చదివేసి, కాగితం మీదికి తేకుండానే తీసేస్తున్నారు.

చిన్న కంప్యూటర్ల మీద

1980లలో పర్సనల్ కంప్యూటర్లు వచ్చాక ఆర్‌ఎం కోబాల్, మైక్రో ఫోకస్ కోబాల్ వంటివి ఆఫీసుల్లోకి వచ్చాయి. అక్కడ జేసీఎల్ లేదు. అసైన్ టు పక్కన ఎల్‌పీటీ1 అనో పీఆర్‌ఎన్ అనో పోర్టు పేరు రాస్తే లైన్లు నేరుగా తీగలోకి వెళ్లిపోయేవి. పేజీ తిప్పడానికి టేపు చిల్లు పోయి ఒక బైటు వచ్చింది: విలువ 12, పేరు ఫారం ఫీడ్. లైను జరపడానికి 10, ఎడమ అంచుకు రావడానికి 13.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు ఇలాంటి బైట్లతోనే ఇంకా చాలా చెప్పొచ్చు. ఎప్సన్ పద్ధతిలో 15 పంపితే అక్షరాలు సన్నబడి అంగుళానికి సుమారు 17 పడతాయి. 80 నిలువు స్థానాల చిన్న ప్రింటర్ మీద 132 అక్షరాల నివేదిక పట్టేది ఈ ఉపాయంతోనే. 18 పంపితే మళ్లీ మామూలు సైజు. 27, 67, 72 అని మూడు బైట్లు పంపితే పేజీ పొడవు 72 లైన్లని ప్రింటర్‌కు అర్థమవుతుంది. 12 అంగుళాల కాగితం వాడేచోట ప్రోగ్రాం మొదట్లోనే ఇది పంపాలి. లేకపోతే 11 అంగుళాలకు అమర్చి ఉన్న ప్రింటర్, ఫారం ఫీడ్ వచ్చినా 66 లైన్ల లెక్కనే ఆగుతుంది.

ప్రింటర్ ఎంపికలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఈ బైట్లకు అర్థం ప్రింటర్‌కో తీరు. 27, 69 పంపితే ఎప్సన్ ప్రింటర్ అక్షరాలను బొద్దుగా మారుస్తుంది. అవే రెండు బైట్లు హెచ్‌పీ లేజర్ ప్రింటర్‌కు పంపితే పెట్టుకున్న అమరికలన్నీ తుడిచేసుకుని మొదటి స్థితికి పోతుంది. మొత్తం సొమ్ము లైనును బొద్దుగా వేయాలని పంపిన సంకేతం, లేజర్ మీద పేజీని మధ్యలో తెగ్గొట్టి కొత్త పేజీ మొదలుపెడుతుంది. కాబట్టి సంకేతాలను ప్రోగ్రాం నిండా చల్లకుండా, ప్రింటర్ రకానికో రికార్డు చొప్పున చిన్న ఫైలులో దాచుకుని, ఎంచుకున్న ప్రింటర్‌కు తగినవి తెచ్చుకోవడం ఉత్తమం. లేజర్ ప్రింటర్‌కు ఇంకో స్వభావం ఉంది. పేజీ నిండేదాకా, లేదా ఫారం ఫీడ్ వచ్చేదాకా అది అచ్చు మొదలుపెట్టదు. చివరి పేజీ రాకుండా దీపం మిణుకుతూ నిలిచిపోయిందంటే, ఫైలు మూసేముందు ఒక పేజ్ పంపడం మరచారని అర్థం.

నడుస్తుండగా ఎంచుకోవడం

ఏ ప్రింటరో వాడేవాళ్లే ఎంచుకోవాలంటే అసైన్ టు పక్కన స్థిరమైన పేరు బదులు వర్కింగ్-స్టోరేజ్‌లోని ఒక గడి పేరు రాస్తారు. మైక్రో ఫోకస్ వంటివి దీన్ని ముందునుంచీ అనుమతించాయి. 2002 ప్రమాణంలో అసైన్ యూజింగ్ అనే రూపం వచ్చింది. తెర మీద ప్రింటర్ల జాబితా చూపించి, వాడేవారు కొట్టిన అంకెనుబట్టి ఆ గడిలోకి తగిన పేరు మూవ్ చేసి, ఆ తర్వాతే ఓపెన్ ఇవ్వాలి. పేరుకూ యంత్రానికీ ముడి పడేది ఓపెన్ క్షణంలోనే. ఫైలు తెరిచాక పేరు మార్చినా లాభం లేదు. మూసి, మళ్లీ తెరవాలి.

ఈ జాబితాలో ప్రింటర్లతోపాటు ఒక డిస్కు ఫైలు పేరూ ఉంచడం మంచి అలవాటు. నివేదికను ముందు ఫైలులోకి రాసి, చూసుకుని, తర్వాత అచ్చు తీయొచ్చు. కాగితం మధ్యలో ఇరుక్కుంటే లెక్కలన్నీ మళ్లీ నడపకుండా ఆ ఫైలునే రెండోసారి పంపొచ్చు. అలాంటి ఫైలును ప్రింటర్‌కు పంపే కోబాల్ ప్రోగ్రాం చాలా పొట్టిది: ఆ ఫైలును ఇన్‌పుట్‌గా, ప్రింటర్‌ను ఔట్‌పుట్‌గా తెరిచి, ఫైలు అయిపోయేదాకా చదివిన ప్రతి లైనునూ రాస్తూ పోతుంది. రైట్ అయిన వెంటనే రికార్డు చోటులో ఏముంటుందో భాష హామీ ఇవ్వదు. లైనును వేరేచోట తయారుచేసుకుని రైట్ ఫ్రమ్ అని పంపేది అందుకే. సెలెక్ట్‌లో ఫైల్ స్టేటస్ గడి పెట్టుకుంటే ప్రతి పని తర్వాతా రెండంకెల ఫలితం తెలుస్తుంది: 00 అయితే క్షేమం, 30 అయితే పరికరంలో తీరని లోపం, 34 అయితే చోటు అయిపోయింది, 37 అయితే ఆ పరికరం అలా తెరవడానికి పనికిరాదు.

విండోస్‌లో యూఎస్‌బీ ప్రింటర్లు వచ్చాక ఎల్‌పీటీ1 అనే పోర్టే లేకుండా పోయింది. పాత ప్రోగ్రాంను మార్చలేనివాళ్లు ప్రింటర్‌ను నెట్‌వర్క్‌లో షేర్ చేసి, నెట్ యూజ్ ఆదేశంతో ఎల్‌పీటీ1 పేరును దానికి తగిలిస్తారు. ఇది పాఠ్యాన్ని అర్థం చేసుకునే ప్రింటర్లకే పనికొస్తుంది. పేజీ బొమ్మను కంప్యూటరే గీసి పంపాలని ఎదురుచూసే చౌక ప్రింటర్ల దగ్గర పనిచేయదు. వాటికి విండోస్ డ్రైవర్ ద్వారా వెళ్లాలి; యాక్యూకోబాల్‌లో విన్$ప్రింటర్ అనే రొటీన్ ప్రింటర్ ఎంచుకునే కిటికీని కూడా తెరిచి చూపిస్తుంది. లినక్స్ మీద గ్నూకోబాల్‌లో బయటి పేరు ముందు డీడీ అండర్‌స్కోర్ చేర్చిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఫైలు దారి పెడితే చాలు, మెయిన్‌ఫ్రేమ్ డీడీ లైను పనే అది చేస్తుంది. ఫైలు మూసాక కాల్ సిస్టమ్ వాక్యంతో ఎల్‌పీ ఆదేశం ఇచ్చి, పక్కన ప్రింటర్ పేరు రాస్తే అచ్చు వస్తుంది.

తెలుగులో అచ్చు తీయాలంటే

మాటల కోసం వాడే పిక్ ఎక్స్ (పిక్చర్ ఎక్స్) గడి ఒక అక్షరానికి ఒక బైటు, కాగితం మీద ఒక సమాన వెడల్పు స్థానం అనే నమ్మకంతో పుట్టింది. తెలుగు దగ్గర ఆ నమ్మకం రెండువైపులా చెదురుతుంది. రాజమహేంద్రవరం అన్న మాటలో పలికే అక్షరాలు ఏడు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న కలిపి అవి 13 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 39. ఊరి పేరుకు 20 బైట్ల గడి ఉంటే రాజమహే దాకా 18 బైట్లు పట్టి, తర్వాతి సున్నలో మూడింట రెండు వంతులు మాత్రమే మిగిలి, కాగితం మీద చివర ఒక ఖాళీ డబ్బా పడుతుంది. పిక్ ఎన్ గడిలో సంకేతానికి రెండు బైట్లు సమంగా ఉంటాయి గనుక సున్న ముక్కలు కాదు. గడి పొట్టిదైతే పొల్లు దగ్గరో, గుణింతం ముందో మాట తెగే ప్రమాదం మాత్రం ఉంటుంది.

యూనికోడ్‌కు ముందు ఈ ఇబ్బంది కొంత తక్కువ. 1991లో భారత ప్రమాణంగా వెలువడిన ఇస్కీలో ఒక్కో సంకేతం ఒక్క బైటే. సీ-డ్యాక్ తయారుచేసిన జిస్ట్ కార్డును కంప్యూటర్‌లో అమర్చితే డాస్ ప్రోగ్రాములు తెలుగును చూపగలిగేవి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు అక్షరాలు చుక్కల బొమ్మలుగా వెళ్లేవి.

వెడల్పు సమస్య ఇప్పటికీ అలాగే ఉంది. తెలుగులో ఘ వెడల్పు వేరు, ర వెడల్పు వేరు. ఖాళీలు నింపి నిలువు వరుసలు తీర్చే కోబాల్ పద్ధతి వాటి మధ్య నిలవదు. పేరు తెలుగులో, సొమ్ము అంకెల్లో ఉన్న జాబితాలో సొమ్ము గడి లైనుకో చోట పడుతుంది. అందుకే నేడు ఇలాంటి నివేదికలకు సెలెక్ట్ వాక్యం మామూలు డిస్కు ఫైలుకే ముడిపడి ఉంటుంది. ప్రోగ్రాం పేరునూ సొమ్మునూ మధ్యలో ఒక గుర్తు పెట్టి విడివిడిగా రాస్తుంది. లక్షల కామాలు పిక్చర్‌లోనే పడి వస్తాయి. లిపి తెలిసిన మరో సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును తీసుకుని, వరుసలను అంగుళాల్లో కొలిచి, పీడీఎఫ్ పేజీలుగా కూరుస్తుంది. ఆ పీడీఎఫ్‌ను ఎల్‌పీ ఆదేశం ప్రింటర్ క్యూలో పెడుతుంది.